ఒకే సంగీతం నాలుగుసార్లు కొనండి

పాత హాలీవుడ్ సినిమాల నేపథ్య సంగీతం డిస్కులు కూడబెట్టడం మొదలుపెట్టిన వాళ్లకు తెలిసినవాళ్లు నాలుగు మాటలు చెబుతారు. శబ్దం శుభ్రంగా ఉన్నదే కొనాలి. సంగీతం పూర్తిగా ఉన్నదే కొనాలి. ఒక సినిమాకు ఒక డిస్కు చాలు. ముందు సినిమా చూడాలి, నచ్చితేనే డబ్బు పెట్టాలి. అన్నీ డబ్బు విలువ తెలిసినవాళ్ల మాటలే. ఈ నాలుగింటినీ పక్కన పెట్టమని నేను చెబుతున్నాను. పెడితే ఖర్చు పెరుగుతుంది, అరలో చోటు చాలదు. అయినా 1930ల నుంచి 1960ల దాకా ఆ స్టూడియోల్లో వాయించిన సంగీతం నిజంగా చెవికెక్కాలంటే ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు.

ముందుగా ఒక సంగతి. ఈ సంగీతంలో చాలా భాగాన్ని విడిగా అమ్ముదామని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. మాటల కింద, గుర్రపు డెక్కల కింద, కత్తుల చప్పుడు కింద వినిపించడానికి రాశారు. 1950ల మొదట్లో అయస్కాంతపు టేపు వచ్చేదాకా వాద్యబృందం వాయించినదంతా ఫిల్ము మీద వెలుగు చారగా అచ్చయ్యేది. మాటలతో, చప్పుళ్లతో కలిపి సినిమా తయారయ్యాక ఆ విడి ఫిల్ముతో స్టూడియోకు పనైపోయేది. పైగా అది నైట్రేట్ ఫిల్ము. నిప్పంటుకుంటే ఆరదు, నిప్పు తగలకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ కుళ్లిపోతుంది. కాగితాల సంగతీ అంతే. 1960లు ముగిసేసరికి ఎం.జి.ఎం. చేతులు మారింది. కొత్త యాజమాన్యం స్థలం కోసం స్టూడియో సంగీత గ్రంథాలయాన్నే ఖాళీ చేయించింది. దశాబ్దాలపాటు రాసిన పూర్తి స్వరపత్రాలు, ఒక్కో వాద్యకారుడి ముందు పెట్టిన కాగితాలు చెత్తతోపాటు నేలలో పూడ్చేశారు. రెండు మూడు వరుసల్లో కుదించి రాసుకున్న పొట్టి ప్రతులు కొన్ని మిగిలాయి. తర్వాతి తరం వాళ్లు వాటిని ముందు పెట్టుకుని, సినిమా వింటూ, ఏ వాద్యం ఏం వాయిస్తోందో చెవితో పట్టుకుని మళ్లీ రాయాల్సి వచ్చింది.

అందుకే ఏ డిస్కు చేతికి వచ్చినా శబ్దం ఎలా ఉందని అడగొద్దు. ఎక్కణ్నుంచి దొరికిందని అడగండి. స్టూడియో గిడ్డంగిలోని ఫిల్మా, సంగీత దర్శకుడు తన కోసం కోయించుకున్న ఎసిటేట్ డిస్కా, రేడియో స్టేషన్‌వాళ్ల ప్రతా? ఈ జవాబు బుక్‌లెట్ చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వేరే ఏదీ చదవకపోయినా ఆ పేరా చదవండి.

ఆ పేరా చదవడం అలవాటయ్యాక నా అసలు సలహాకు మీరు సిద్ధమైనట్టే. మొట్టమొదట కొనే డిస్కు బాగా గరగరలాడేదై ఉండాలి. నా ఎంపిక బెర్నార్డ్ హెర్మన్ సంగీతం ఇచ్చిన ‘ఆన్ డేంజరస్ గ్రౌండ్’. నికొలస్ రే తీసిన ఆర్.కె.ఓ. చిత్రం అది, 1951లో వచ్చింది. నగరంలో మనుషుల్ని కొట్టి కొట్టి మొద్దుబారిన పోలీసుగా రాబర్ట్ రయన్, మంచు పల్లెలో ఉండే అంధురాలిగా ఐడా లుపినో. హెర్మన్ తన దగ్గర దాచుకున్న ఎసిటేట్ డిస్కుల నుంచి 2003లో ఫిల్మ్ స్కోర్ మంత్లీ లేబుల్ దీన్ని తొలిసారి బయటికి తెచ్చింది. సూది గీతలు, చిటపటలు, అక్కడక్కడ శబ్దం కిందికి జారిపోవడం, అన్నీ ఉన్నాయి. ఎంతో శ్రద్ధగా శుభ్రం చేసినా ఇంతకంటే రాదు.

ఇందులో ‘ది డెత్ హంట్’ అనే ముక్క పెట్టండి. ఎనిమిది హార్న్‌లు. మామూలు సింఫనీ బృందంలో నాలుగుంటాయి. మంచులో పారిపోతున్నవాణ్ని తరుముతున్న దృశ్యానికి హెర్మన్ ఎనిమిదింటిని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొలిపాడు. మొదటిసారి విన్నప్పుడు మీ చెవి గీతల మీదే ఉంటుంది. రెండోసారి హార్న్‌ల వెనక ఇత్తడి గొంతులు ఇంకా ఉన్నాయని తెలుస్తుంది. మూడోసారికి వాయించేవాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో పట్టుకోవాలని చూస్తారు. ఆ వేగంలో ఊపిరికి చోటే లేదు. ఆ వెంటనే అంధురాలి సంగీతం వినండి. అక్కడ పాడేది వయోలా డమోర్. పైన కమానుతో వాయించే తీగల కింద, తాకకుండానే అనురణించే తీగలు కూడా ఉండే పాత వాద్యం. వాయించినావిడ వర్జీనియా మయెవ్‌స్కీ. ఆమె పేరు సినిమా టైటిల్స్‌లోనే వేశారు. స్టూడియో వాద్యకారుల పేరు తెర మీద కనిపించడం ఆ రోజుల్లో చాలా అరుదు. ఎసిటేట్ మీది గరగర ఆ సన్నటి తీగల శబ్దాన్ని దాదాపు కప్పేస్తుంది. మీరు చెవి ముందుకు చాచి వినాలి. ఈ చాచడం ఒకసారి నేర్చుకున్న చెవికి ఆ తర్వాత మంచి రికార్డింగుల్లోనూ ఎవరికీ వినిపించనివి వినిపిస్తాయి. శుభ్రమైన శబ్దంతో మొదలుపెట్టినవాళ్లకు ఈ చెవి రాదు. వాళ్లు పాత రికార్డింగు దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయి ఉంటుంది.

ఇక రెండోది, పేరులోనే చెప్పింది. నచ్చిన సంగీతాన్ని ఒకసారి కొని ఊరుకోవద్దు. ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ తీసుకోండి. ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్ వియన్నాలో బాల మేధావిగా పేరు తెచ్చుకుని, ఒపేరాలు రాసి, హాలీవుడ్‌కు వచ్చినవాడు. 1938 మొదట్లో ఆయన వియన్నాలోనే ఉన్నాడు. వార్నర్ బ్రదర్స్ పిలిచింది. వచ్చి, సినిమా చూసి, ఇంత కత్తియుద్ధాల సినిమా నా వల్ల కాదన్నాడు. ఇంతలో ఆస్ట్రియా ఛాన్సలర్‌ను హిట్లర్ పిలిపించి బెదిరించిన వార్త వచ్చింది. ఆయన ఒప్పుకున్నాడు. మార్చిలో నాజీలు వియన్నాలో అడుగుపెట్టారు. కోర్న్‌గోల్డ్ యూదుడు. రాబిన్ హుడ్ తన ప్రాణం కాపాడిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆ సంగీతానికి ఆస్కార్ కూడా వచ్చింది.

ఈ ఒక్క సంగీతానికీ నాలుగు రికార్డింగులు కొనండి. మొదటిది 1938 మే నెలలో సినిమా విడుదల సందర్భంగా రేడియోలో ప్రసారమైనది. కోర్న్‌గోల్డ్ స్వయంగా నడిపించాడు. సినిమాలో విలన్ వేసిన బాసిల్ రాత్‌బోన్ మధ్యమధ్య కథ చెబుతాడు. శబ్దం ఇరుకుగా ఉంటుంది, కానీ నడక చూడండి. ఎక్కడా ఆగని నడక, తొందరపడుతున్నట్టు అనిపించని వేగం. రెండోది 1972లో చార్ల్స్ గెర్హార్ట్ లండన్‌లో చేసిన ‘ది సీ హాక్’ ఆల్బమ్. ఇందులో రాబిన్ హుడ్ నుంచి కొన్ని ముక్కలే ఉన్నాయి. కింగ్స్‌వే హాల్‌లో, నేషనల్ ఫిల్హార్మోనిక్‌తో రికార్డు చేశారు. కోర్న్‌గోల్డ్ కొడుకు జార్జ్ నిర్మాత, కెన్నెత్ విల్కిన్సన్ సౌండ్ ఇంజనీర్. మూడోది 1980లలో వారూజన్ కోజియన్ నడిపించిన యూటా సింఫనీ. నాలుగోది విలియం స్ట్రోంబర్గ్ మాస్కో సింఫనీతో చేసినది. జాన్ మోర్గన్ స్వరపత్రాలన్నీ సరిచేసి, దాదాపు పూర్తి సంగీతాన్ని అక్కడ పెట్టాడు.

నాలుగూ వరసగా ఒకే ముక్క వినండి. రేడియో ప్రసారంలో కోర్న్‌గోల్డ్ రాగాన్ని సాగదీయడు. గెర్హార్ట్ దాని మీద మనసు పారేసుకుంటాడు, వయొలిన్లు వెడల్పుగా విచ్చుకుంటాయి. మాస్కోలో తంత్రీవాద్యాల రంగు మారుతుంది, ఇత్తడి వాద్యాల్లో రష్యన్ బరువు వినిపిస్తుంది. నాలుగింట్లో ఏది మంచిదని తేల్చాల్సిన పనే లేదు. ఒకటి మాత్రమే కొంటే ఆ ఒక్కదాని నడకే సంగీతం అనుకుంటారు. నాలుగు విన్నాకే కోర్న్‌గోల్డ్ ఏం రాశాడో, వాయించినవాళ్లు ఏం కలిపారో విడదీసి వినగలుగుతారు.

‘సైకో’ ఇంకా గట్టి ఉదాహరణ. 1960లో హెర్మన్ ఆ సినిమాకు తంత్రీవాద్యాలు మాత్రమే వాడాడు. దర్శకుడు హిచ్‌కాక్ అయితే స్నానాల గది హత్యకు సంగీతమే వద్దన్నాడు. హెర్మన్ రాసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. అదే సంగీతాన్ని 1975లో, తాను చనిపోయిన ఏడాది, హెర్మన్ లండన్‌లో మళ్లీ రికార్డు చేశాడు. సినిమాలో ఉన్నదానికంటే చాలా నెమ్మదిగా నడుస్తుంది. ముసలితనం వల్లనని కొందరు కొట్టిపారేస్తారు. నాకు మాత్రం అందులో కారు నడుపుతూ వెళ్లే కథానాయిక మేరియన్ భయం కంటే దిగులు ఎక్కువ వినిపిస్తుంది. సినిమాకు ఆ దిగులుతో పని లేదు. హిచ్‌కాక్ కత్తెర లేని చోట సంగీత దర్శకుడు తన మాట చెప్పుకున్నాడు. కాబట్టి ఇదీ కొనండి, 1990లలో జోయెల్ మెక్నీలీ చేసినదీ కొనండి.

మూడో సలహా సినిమా ప్రేమికులకు నచ్చదు. డిస్కు వినేదాకా సినిమా చూడకండి. వీలైతే విన్నాక కూడా కొంతకాలం ఆగండి. తెర మీది ముఖం ఒకసారి మనసులో పడిందంటే సంగీతం ఇక ఆ ముఖానికే ఊడిగం చేస్తుంది. ఆల్ఫ్రెడ్ న్యూమన్ ‘కెప్టెన్ ఫ్రం కాస్టీల్’ చివర్లో వచ్చే కవాతు సంగీతం ముందు విడిగా వినండి. సినిమాలో అది కోర్టెజ్ సైన్యం మెక్సికోలోకి కదిలేటప్పుడు వస్తుంది. విడిగా విన్నవాళ్లకు అక్కడ ఏ సైన్యమూ ఉండదు, అడుగు తప్పకుండా పెరుగుతున్న ఒక బలం మాత్రం ఉంటుంది. తర్వాత సినిమా చూసినప్పుడు, ఈ బలం ఎవరి మీదికి పోతోందో అర్థమై ఒళ్లు జలదరిస్తుంది. ముందే చూసిన వాళ్లకు ఆ రెండు అనుభవాలూ కలిసిపోయి ఒకటే మిగులుతుంది.

‘బెన్‌హర్’ విషయంలో మన వాళ్లలో చాలామందికి ఆలస్యమైపోయింది. మన ఊళ్లలో ఆ సినిమా ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు. రథాల పందెం తెలియని ఇల్లు ఉండదు. అయితే ఒకటి గమనించండి. మిక్లోష్ రోఝా ఆ పందెం ముందు రథసారథుల ఊరేగింపుకు గొప్ప కవాతు రాశాడు. పందెం మొదలయ్యాక సంగీతం లేదు. డెక్కలు, చక్రాలు, జనం అరుపులు, అంతే. ఆ పందెం సంగీతం చాలా బాగుంటుందని చెప్పేవాళ్లు నాకు చాలామంది తగిలారు. సినిమా చూసిన కళ్లు చెవికి ఎంత అబద్ధం చెప్పగలవో ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అసలు సినిమాలోకే ఎక్కని సంగీతం ఉంది. వెతికి పట్టుకోండి. ‘టార్న్ కర్టెన్’ కోసం హెర్మన్ 12 ఫ్లూట్లు, 16 హార్న్‌లు, 9 ట్రాంబోన్లు కోరాడు, వయొలిన్ ఒక్కటీ వద్దన్నాడు. రికార్డింగు మధ్యలో హిచ్‌కాక్ విని వద్దన్నాడు. వాళ్లిద్దరి స్నేహం అక్కడితో తెగిపోయింది. జాన్ ఆడిసన్ సంగీతంతో 1966లో సినిమా విడుదలైంది. హెర్మన్ రాసినదాన్ని 1970లలో ఎల్మర్ బెర్న్‌స్టీన్ కాగితాల నుంచి తీసి వాయించాడు. ఆయన చేసిన పని ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ‘టెన్ కమాండ్‌మెంట్స్’, ‘మాగ్నిఫిసెంట్ సెవెన్’ లాంటి సినిమాల సంగీత దర్శకుడు, చేతినిండా పని ఉన్నవాడు, తోటివాళ్ల సంగీతం మట్టిలో కలుస్తోందని బాధపడి, చందాదారుల క్లబ్బు పెట్టి, రాయల్ ఫిల్హార్మోనిక్ లాంటి బృందాలతో ఒకటొకటిగా రికార్డు చేశాడు. ఆ డిస్కులన్నిటినీ కలిపి 2006లో ఫిల్మ్ స్కోర్ మంత్లీ 12 సీడీల పెట్టెగా తెచ్చింది. పెట్టె ఇప్పుడు దొరకడం కష్టం, దొరికితే వదలొద్దు.

‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి అలెక్స్ నార్త్ రాసిందీ ఇలాంటిదే. దర్శకుడు కుబ్రిక్ దాన్ని పక్కన పెట్టాడు. సినిమా తొలి ప్రదర్శనలో కూర్చునేదాకా ఆ సంగతి నార్త్‌కు తెలియదు. 1993లో ఆయన మిత్రుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ ఆ సంగీతాన్ని కొత్తగా రికార్డు చేశాడు. నార్త్ స్వయంగా చేయించిన అసలు రికార్డింగు 2007లో ఇంట్రాడా లేబుల్ ద్వారా వచ్చింది. ఈ రెండూ వినేటప్పుడు సినిమాలో వాడిన స్ట్రౌస్‌తో పోల్చి చూడాలనిపిస్తుంది. పోల్చకండి.

అట్ట మీద ‘ఒరిజినల్ సౌండ్‌ట్రాక్’ అని ఉంటే నమ్మొద్దు, కానీ నమ్మనందుకు వదిలేయనూ వద్దు. సినిమా కోసం వాయించినదాన్ని విడిగా అమ్మితే వాద్యకారులకు మళ్లీ డబ్బు కట్టాలన్నది అమెరికా సంగీతకారుల సంఘం నియమం. న్యాయమైన నియమం. అది తప్పించుకోవడానికి కంపెనీలు ఎల్పీ కోసం వేరే బృందంతో, చాలాసార్లు వేరే దేశంలో, మళ్లీ వాయించేవి. 1959 నాటి ‘బెన్‌హర్’ ఎల్పీలో వినిపించేది రోమ్ బృందం, నడిపించినవాడు కార్లో సవీనా. సినిమాలో వినిపించేది కాలిఫోర్నియా బృందం, నడిపించినవాడు రోఝా. సినిమాలోని అసలు సంగీతం కొంత 1996లో, మొత్తం 2012లో 5 సీడీలుగా వచ్చింది. దాంతో పాత ఎల్పీకి విలువ పోయిందని అందరూ అమ్మేసుకున్నారు. మీరు ఆ అమ్మేసినదే కొనండి. నలభై నిమిషాల్లో సినిమా మొత్తాన్ని కూర్చి చెప్పిన ఆ రోమ్ రికార్డింగుతోనే తరాల శ్రోతలు పెరిగారు.

‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్’ ఇంకో దారి. హెన్రీ మాన్సినీ 1961లో తెచ్చిన ఎల్పీ విందులో వాయించే డాన్సు సంగీతంలా సాగుతుంది. వినడానికి బాగుంటుంది, అమ్ముడుపోవడానికీ బాగుంటుంది. సినిమాలో ఉన్నది వేరు. అక్కడ ఒంటరితనం ఎక్కువ, చడీచప్పుడు లేని చోట్లు ఎక్కువ. సినిమా సంగీతం 2013లో గానీ డిస్కుగా రాలేదు. రెండూ పక్కపక్కన ఉంచండి. ఒకే మనిషి ఒకే సంవత్సరంలో ఒకే రాగాన్ని అంగడికి ఒకలా, కథకు ఒకలా ఎలా రాశాడో తెలియాలంటే రెండూ కావాలి.

మన దేశంతో నిజంగా ముడిపడ్డ డిస్కు ఒకటుంది. 1942 నాటి ‘జంగిల్ బుక్’. మైసూరు నుంచి వెళ్లిన కుర్రాడు సాబూ మౌగ్లీ వేశాడు. రోఝా సంగీతాన్ని 78 ఆర్.పి.ఎం. డిస్కులుగా తెస్తూ కథ చెప్పే పని సాబూకే ఇచ్చారు. అమెరికన్ సినిమా నేపథ్య సంగీతం విడిగా అమ్మకానికి రావడంలో ఇది తొలి అడుగుల్లోదని చెబుతారు. సాబూ గొంతు సంగీతాన్ని కప్పేస్తోందని, కథనం లేని రికార్డింగే కొనమని అంటారు. కథనం ఉన్నదే కొనండి. ఏనుగుల సంగీతం వచ్చేముందు ఆ గొంతు ఒక్క క్షణం ఆగుతుంది.

‘3000 కాపీలు మాత్రమే’ అన్న మాట చూడగానే చేతులు వణకడం ఈ రంగంలో అందరికీ ఉన్న జబ్బు. పాత సంగీతాన్ని తక్కువ సంఖ్యలో అచ్చువేస్తే వాద్యకారులకు కట్టాల్సింది తగ్గేలా సంఘంతో కుదిరిన ఒప్పందాల వల్లే అలాంటి సంఖ్యలు వచ్చాయి. ఆ ఒప్పందాలు లేకపోతే ఈ డిస్కుల్లో సగం వచ్చేవే కావు. కాబట్టి సంఖ్య మీద నాకు గౌరవమే. కానీ పరుగెత్తకండి. అయిపోయాక కొనండి. అయిపోయాక కూడా, ధర రెండింతలయ్యాక కూడా అది కావాలనిపిస్తే, ఆ కోరిక సంగీతం మీదే. అయిపోతుందన్న భయంతో కొన్నది అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. పైగా ఇవి తిరిగి వస్తాయి. ‘ది ఈజిప్షియన్’ చూడండి. 1954లో ఫాక్స్ గడువు ముంచుకొచ్చి, న్యూమన్, హెర్మన్ ఇద్దరూ సగం సగం పంచుకుని రాసిన సినిమా అది. అసలు సంగీతం ఫిల్మ్ స్కోర్ మంత్లీ నుంచి ఒక డిస్కుగా వచ్చింది, అయిపోయింది. అప్పుడు గుండెలు బాదుకున్నవాళ్లకు పదేళ్లు తిరిగేసరికి వరీజ్ సరబాండ్ నుంచి రెండు డిస్కులుగా ఇంకా ఎక్కువ సంగీతంతో దొరికింది. తొందరపడి మొదటిది కొన్నవాళ్లూ రెండోది కొన్నారు. నేను చెప్పిన రెండో సలహా ప్రకారం వాళ్లకు నష్టమేమీ లేదు.

శబ్దాన్ని మరీ శుభ్రం చేసినవాటి జోలికి వెళ్లకండి. గరగర తీసేసే పద్ధతుల్లో గరగరతోపాటు హాలు గాలి పోతుంది. వయొలిన్ ఆగిన తర్వాత గదిలో కాసేపు మిగిలే శబ్దం పోతుంది. ఒక డిస్కులో రెండు ముక్కల మధ్య పూర్తి నిశ్శబ్దం ఉండి, ముక్క మొదలవగానే హఠాత్తుగా గది తెరుచుకున్నట్టు వినిపిస్తే, ఎవరో అతిగా తుడిచారని అర్థం. 1960లలో మోనో రికార్డింగును కృత్రిమంగా రెండుగా చీల్చి స్టీరియో అని అమ్మిన ఎల్పీలైతే అసలు తాకొద్దు. అచ్చమైన మోనోను మోనోగానే వినాలి.

ఫాక్స్ స్టూడియో సంగతి వేరు, అక్కడ పాత రోజుల్లోనే నిజమైన స్టీరియో దాగి ఉంది. న్యూమన్ సంగీత విభాగాన్ని నడిపిన రోజుల్లో వాద్యబృందం ముందు వేర్వేరు చోట్ల పెట్టిన మైకులు వేర్వేరు ఫిల్ముల మీద అచ్చయ్యేవి. అప్పుడు వాళ్ల ఉద్దేశం కలిపేటప్పుడు వీలుగా ఉండడమే. దశాబ్దాల తర్వాత ఆ ఫిల్ములను ఒకదానితో ఒకటి సరిగ్గా కుదిర్చితే, ఎడమ కుడి ఉన్న బృందం లేచి కూర్చుంది. 1951 నాటి ‘ది డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్’లో థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యాలు రెండు గది రెండు వైపుల నుంచి వణకడం అలాగే వినగలుగుతున్నాం.

‘వర్టిగో’ అసలు రికార్డింగు కొనేటప్పుడు ఈ లెక్కలన్నీ ఒకే డిస్కులో ఎదురవుతాయి. 1958లో అమెరికా వాద్యకారులు సమ్మెలో ఉన్నారు. హెర్మన్ తన సంగీతాన్ని తాను నడిపించలేకపోయాడు. మ్యూర్ మాథీసన్ చేత లండన్‌లో స్టీరియోలో మొదలుపెట్టించారు. లండన్ వాద్యకారులు అమెరికావాళ్లకు మద్దతుగా పని ఆపేశారు. మిగిలింది వియన్నాలో మోనోలో పూర్తయింది. కొంత టేపు పాడైపోయింది కూడా. 1996లో వచ్చిన డిస్కులో ఒక ముక్క విశాలంగా, తర్వాతి ముక్క ఒకే చోట గుమిగూడినట్టు వినిపించడానికి కారణం ఇదే. సరిచేయలేదేమని విసుక్కోకండి. ఆ మార్పులో ఒక సమ్మె వినిపిస్తోంది. పనిచేసేవాళ్లు తోటి పనివాళ్ల కోసం వాద్యాలు కింద పెట్టిన రోజు వినిపిస్తోంది. మెక్నీలీ స్కాట్లండ్ బృందంతో చేసిన రికార్డింగు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున అందంగా ఉంటుంది. అదీ కొనండి, కానీ దాన్ని రెండోది చేసుకోండి.

డిస్కు మొదటి నుంచి చివరిదాకా ఒక్కబిగిన వినొద్దు. ఒక పూటకు ఒక ముక్క చాలు. బుక్‌లెట్‌లో కొన్నిసార్లు ప్రతి ముక్క పక్కన 7ఎం2 లాంటి గుర్తు ఉంటుంది. ఏడో రీలు, అందులో రెండో సంగీతం అని అర్థం. పాత లెక్కలో రీలు వెయ్యి అడుగులు, అంటే సుమారు పదకొండు నిమిషాలు. అంటే ఏడో రీలు సినిమా గంట దాటాక వస్తుంది. డిస్కు వినసొంపు కోసం ముక్కల వరస మార్చి ఉంటే ఈ గుర్తుల సాయంతో అసలు వరస మీరే కూర్చుకోవచ్చు. సంఖ్యల మధ్య ఖాళీ ఉంటే, ఏడో రీలులో ఒకటీ మూడూ ఉండి రెండు లేకపోతే, ఆ ముక్క పోయిందనో, దొరికినా వాడలేదనో అర్థం. బుక్‌లెట్‌లో రాసినవాళ్లు ఆ ఖాళీ గురించి ఏమన్నారో చూడండి. ఏమీ అనకపోతే ఆ లేబుల్ మీద నాకు నమ్మకం తగ్గుతుంది.

అరలో డిస్కులను సంగీత దర్శకుల పేర్లతో పేర్చడం అందరూ చేసే పని. మీరు ఆర్కెస్ట్రేటర్ల పేరుతో పేర్చండి. సంగీత దర్శకుడు రాసిన నాలుగైదు వరసల చిత్తుప్రతిని ఎనభై మంది వాయించే పూర్తి స్వరపత్రంగా చేసేవాళ్లు వాళ్లు. హ్యూగో ఫ్రీడ్‌హోఫర్ కోర్న్‌గోల్డ్‌కూ చేశాడు, మాక్స్ స్టైనర్‌కూ చేశాడు. ఇద్దరి సినిమాలూ ఒకే వరసలో పెట్టి వింటే, ఇద్దరి మధ్య పొసగనిదంతా వాళ్లదని, పొసిగినదాంట్లో ఫ్రీడ్‌హోఫర్ చెయ్యి ఎంతుందో అని వెతకడం మొదలుపెడతారు. ఆ వరస చివర ఆయన సొంత ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ పెట్టండి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ముగ్గురు మగవాళ్ల కథ, 1946లో వచ్చింది, ఆస్కార్ తెచ్చింది. అప్పట్లో దానికి డిస్కు లేదు. 1970ల చివర్లో ఫ్రాంకో కొలూరా లండన్ ఫిల్హార్మోనిక్‌తో రికార్డు చేశాక గానీ విడిగా వినే వీలు కలగలేదు. ఇతరుల సంగీతాన్ని అంత నిండుగా చేసినవాడు తన సంగీతంలో ఎంత తక్కువ వాద్యాలతో మాట్లాడాడో వినండి.

విజయవాడలోనో వరంగల్‌లోనో కూర్చుని ఇవన్నీ ఎలా కొనాలని అడిగేవాళ్లకు ఒక మాట. అమెరికా లేబుళ్ల నుంచి ఒక్కొక్కటి తెప్పించుకుంటే డిస్కు ధర కంటే తపాలా ఖర్చు పెరుగుతుంది. అందుకని ఆరేసి నెలలకు ఒకసారి జాబితా రాసి, న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న మనవాళ్ల ఇంటి చిరునామాకు తెప్పించి, వాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు తీసుకురమ్మనండి. ఆరు నెలలు ఆగడం కూడా మంచిదే. జాబితాలో నుంచి కొన్ని పేర్లు వాటంతటవే జారిపోతాయి. ప్లాస్టిక్ డబ్బాలు సూట్‌కేసులో పగులుతాయి కాబట్టి డిస్కు, బుక్‌లెట్ విడిగా మెత్తటి కవర్లలో పెట్టమని చెప్పండి. డబ్బా ఇక్కడ దొరుకుతుంది. బుక్‌లెట్ ఎక్కడా దొరకదు.

నాలుగు రికార్డింగులు కొన్న సంగీతంలో ఒకటి ఎవరికైనా ఇచ్చేయాలనిపించే రోజు వస్తుంది. అప్పుడు గరగరలాడేది మీ దగ్గర ఉంచుకుని, బాగా వినిపించేది ఇవ్వండి. రాబిన్ హుడ్ అయితే గెర్హార్ట్ ఇవ్వండి, 1938 నాటి రేడియో ప్రసారం ఇవ్వకండి. గెర్హార్ట్ విని ఇష్టపడినవాళ్లు రెండు నెలల్లో మిగతా మూడింటి కోసం మీ ఇంటికే వస్తారు. వచ్చినప్పుడు రేడియో ప్రసారం పెట్టి, రాత్‌బోన్ మాట్లాడడం ఆపి బృందం అందుకునే చోట శబ్దం కాస్త పెంచండి.